దొంగ నోట్లో మా అమ్మ మాట

మేం తీసిన షార్ట్ ఫిల్మ్ ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉంది. ఎవరైనా చూడొచ్చు. చూసినవాళ్లు నవ్వుతారు, అందులో సందేహం లేదు, నవ్వొచ్చేలాగే రాశాం. చివర్లో పేర్లు పడేచోట ‘మాటలు’ అని ఉండి పక్కన నా పేరుంటుంది. ఆ ఒక్క పదం చూస్తే నాకు చచ్చేంత సిగ్గేస్తుంది. ఆ మాటలు నావి కావు. మా అమ్మవి. అడిగి తీసుకున్నవీ కావు.

హైటెక్ సిటీలో ఒక కంపెనీలో నేను టెస్టర్‌ని. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని. మా అంతస్తులో కోడ్ రాసేవాళ్లకన్నా కథలు రాసుకునేవాళ్లు ఎక్కువ. శనివారం వస్తే చాలు, ఒకడు కెమెరా కిరాయికి తెస్తాడు, ఒకడు జుట్టు పెంచుతాడు, సోమవారానికి మళ్లీ అందరూ మెడలో ఐడీ కార్డులతో బుద్ధిమంతులైపోతారు. మా టీమ్ లీడ్ కూడా అలాంటి దర్శకుడే. విజయవాడ వైపు మనిషి. ఎవరినీ నొప్పించి మాట్లాడడు, చిన్నవాళ్లను కూడా ‘అండి’ అనే పిలుస్తాడు.

నాకు రెండు తెలుగులు వచ్చు. ఒకటి మూసాపేటలో మా ఇంట్లోది. మావాళ్లు జనగామ వైపు నుంచి నేను పుట్టకముందే వచ్చేశారు. నాన్న కంపెనీల క్యాబ్ నడుపుతాడు, అమ్మ ఇంట్లో మెషిన్ మీద బ్లౌజులు కుడుతుంది. రెండోది ఇంజనీరింగ్ కాలేజీలో నేర్చుకున్నది. మొదటి సంవత్సరం క్లాసులో “గా కిటికీ జర మూస్తవా” అని నా వెనకమ్మాయిని అడిగితే బెంచీలు బెంచీలే నవ్వాయి. ఆ అమ్మాయి కిటికీ మూసింది కానీ, ఆ సంవత్సరమంతా నన్ను ‘జర’ అనే పిలిచారు. రెండో సంవత్సరం వచ్చేసరికి నేను ‘కొంచెం’ అనడం, ‘అండి’ అనడం, ‘వచ్చేశారా’ అని సాగదీయడం అన్నీ పట్టేశాను. ఎంత బాగా పట్టానంటే, ఆఫీసులో చేరినప్పుడు మాది గుంటూరా, తెనాలా అని అడిగారు. నేను కాదనలేదు. అవుననీ అనలేదు. నవ్వి ఊరుకున్నాను. అమ్మ ఫోన్ చేస్తే మాత్రం మెట్ల దగ్గరికి వెళ్లి మాట్లాడేదాన్ని.

ఉద్యోగం కోసం కొండాపూర్‌లో ఇద్దరమ్మాయిలతో కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాను. వారానికోసారి ఇంటికి వెళ్తాను. అమ్మకు టైప్ చేయడం రాదు, అందుకని వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది. మెషిన్ తొక్కుతూనే మాట్లాడుతుంది. “తిన్నవా బిడ్డా? ఇయ్యాల ఎండ మస్తుగుంది, బయట తిరగకు. కింద పోర్షనామె జాకెట్ బిగువైందని లొల్లి వెట్టింది, నేనేం జెయ్యాలె, ఆమెనే లావైంది. సరే, పైలం.” అందులో పనికొచ్చే సమాచారం ఏమీ ఉండదు. కానీ మా ఇంట్లో ఆస్తి అనదగ్గది ఏదైనా ఉందంటే అదే, ఆమె నోరు. పక్కింటి పంచాయితీ నుంచి దేవుడి దాకా ఎవరినీ వదలదు. నాతో మాట్లాడేటప్పుడు ఒక్క మాట కూడా వెనక్కి తీసుకుని ఆలోచించి అనడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ సినిమా దాకా.

ఒక మధ్యాహ్నం ఆమె దారపు రీళ్లు కొనుక్కుని మా గల్లీలోకి తిరుగుతుంటే బైక్ మీద ఒకడు ఆగాడు. హెల్మెట్ తీయలేదు. ఒక అడ్రస్ అడిగాడు. ఈ సంగతి తర్వాత ఎన్నిసార్లు చెప్పినా అమ్మ ఇక్కడికి రాగానే ఆగేది.

“‘అమ్మా, ఈ సందు ఎక్కడండి, కొంచెం చెప్తారా’ అన్నడు బిడ్డా. గంత మర్యాదగ నన్ను ఎవ్వలు పిలుస్తరు? ‘అండి’ అన్నడు. ఎవలో సదువుకున్న పిలగాడు, పాపం ఎండల తిరుగుతున్నడు అనుకున్న. దగ్గరికి వోయిన. చెయ్యి సాపి సూపెట్టిన.”

చాచిన చెయ్యి చాచినట్టే ఉండగా వాడు మెడలోని పుస్తెలతాడు పట్టుకుని గుంజాడు. గొలుసు తెగి, మెడ మీద చారగా తోలు లేచింది. అమ్మ చెప్పులు వదిలేసి బండి వెనక పరుగెత్తింది. గల్లీలో వాళ్లందరూ విన్నారు, ఆమె ఏమని అరిచిందో. సాయంత్రం నేను వెళ్లేసరికి కింద పోర్షనామె నాకు మొత్తం అప్పజెప్పింది.

“ఓ బిడ్డా, ఆగురా! గొలుసు నువ్వే తీసుకపో, పుస్తెలిచ్చి పోరా! నీ కాల్మొక్త, పుస్తెలిచ్చి పో!”

దొంగను కూడా ‘బిడ్డా’ అంది. ఆమెకు ఊళ్లో అందరూ బిడ్డలే. బండి మలుపు తిరిగి కనబడకుండా పోయాక ఊపిరి తీసుకుని, తిట్లు ఎత్తుకుంది. “నీ పీనుగెల్ల! నీ చేతులకు జెట్టలు పుట్ట! నీకు గత్తర రాను!” అన్నీ అయిపోయాక, అసలు బాధ ఎక్కడుందో అక్కడికి వచ్చింది. “నీ అండి మీద మన్నువొయ్య!”

ఆ రోజు నేను ఆమె మెడకు పసుపు రాశాను. ఆమె ఏడవలేదు. పసుపుతాడు కట్టుకుని, దానికి పసుపుకొమ్ము ముడి వేసుకుని, మళ్లీ మెషిన్ ముందు కూర్చుంది. నాన్న, నేను వెళ్లి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి వచ్చాం. నాకు చాలా కోపంగా ఉండింది. వాడు దొరికితే ఏం చేయాలో దారిపొడవునా ఊహించుకుంటూ వచ్చాను.

సోమవారం ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరో అడిగారు, ముఖం అలా ఉందేంటని. చెప్పడం మొదలుపెట్టాను. మొదట అందరూ ‘అయ్యో’ అన్నారు. నేను నా రెండో తెలుగులోనే చెబుతున్నాను. అమ్మ అరిచిన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలుగు సరిపోలేదు, ఆమె గొంతుతోనే చెప్పాను. “గొలుసు నువ్వే తీసుకపో, పుస్తెలిచ్చి పోరా.” ఒకడికి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. దొంగతో బేరం ఏంటండీ అన్నాడు. పక్కనామె కూడా నవ్వింది. నేనేం చేయాలి? అక్కడితో ఆపాలి. ఆపలేదు. తర్వాతి తిట్టు ఇంకాస్త గట్టిగా అన్నాను. ‘నీ అండి మీద మన్నువొయ్య’ దగ్గర టేబుల్ మొత్తం పగలబడి నవ్వింది, పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. ఎన్నో ఏళ్లుగా నేను దాచుకున్న మాటలకు మొదటిసారి చప్పట్లు పడుతున్నాయి. అమ్మ మెడ మీది చార ఇంకా ఆరలేదు, నేను మాత్రం మళ్లీ చెప్పమంటే మళ్లీ చెప్పాను.

మా టీమ్ లీడ్ నవ్వలేదు. టిఫిన్ బాక్స్ మూత పెట్టి, “ఇది సినిమా అండి,” అన్నాడు. “మీరే రాయండి.”

రాశాను. పగ తీర్చుకునే కథ. మూసాపేటలో బట్టలు కుట్టే ఒకామె మెడలో గొలుసు ఎవడో మర్యాదస్తుడు ‘అండి’ అంటూ తెంపుకుపోతాడు. కొన్నాళ్లకు వాడే చొక్కా కుట్టించుకోవడానికి ఆమె ఇంటికి వస్తాడు. వాడి గొంతును బట్టి ఆమె గుర్తుపడుతుంది. కొలతలు తీసుకుంటానని చెప్పి వాణ్ని టేపుతో కుర్చీకి కట్టేస్తుంది. భయంతో వాడు జేబులో ఉన్న పుస్తె మింగేస్తాడు. అక్కడి నుంచి అదంతా ఒక ఘోరమైన హాస్యం. ఆమె వాడికి అరటిపండ్లు తినిపిస్తూ, తిడుతూ, కుట్టుపని చేసుకుంటూ, పుస్తె ఎప్పుడు బయటికొస్తుందా అని ఎదురుచూస్తుంది. రాదు. చివరికి కత్తెర చేతిలోకి తీసుకుంటుంది. తెర నల్లబడుతుంది. మెషిన్ చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

రాస్తున్నప్పుడు నాకు నిజంగానే సంతోషంగా ఉండింది. వాణ్ని పట్టుకున్నట్టే అనిపించింది.

కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గర టీ కొట్టు ముందు నిలబడి మా టీమ్ లీడ్ స్క్రిప్ట్ మొత్తం చదివాడు. చాలా బాగుందన్నాడు. బాగుందని అన్నాక ‘కానీ’ అన్నాడు.

“కానీ హీరోయిన్ ఈ యాసలో మాట్లాడితే జనం కనెక్ట్ అవ్వరండి. మన ఆఫీసమ్మాయిలా పెడదాం. కొండాపూర్ ఫ్లాట్, ల్యాప్‌టాప్, మీటింగులు. దొంగ పార్సెల్ ఇవ్వడానికి వస్తాడు. మీటింగుల మధ్యలో అరటిపండు పెడుతుంది, అది ఇంకా నవ్వొస్తుంది. ఇంకోటి, దొంగ ‘అండి’ అంటే ఎవరు నమ్ముతారండి?”

“నిజంగా అన్నాడు కదా,” అన్నాను.

“నిజం వేరు, సినిమా వేరు. మీరు ఒక్క పని చేయండి. అటు మాటలు ఇటు వేసేయండి. ఆ తిట్లన్నీ దొంగకిచ్చేస్తే అదిరిపోతుంది.”

మనిషి చెడ్డవాడు కాదు. రెండు బటన్ల రంగులు తారుమారు చేయమన్నంత మామూలుగా అన్నాడు. నేను కూడా అంత మామూలుగానే తలూపాను. ఇంటికెళ్లి ల్యాప్‌టాప్ తెరిచాను. డైలాగ్ పక్కన పేర్లు వెతికి మార్చడం మాకు చేతిలో పని. ‘ఆమె’ ఉన్నచోట ‘దొంగ’, ‘దొంగ’ ఉన్నచోట ‘ఆమె’. ఒక్క నొక్కు. మా అమ్మ మాటలన్నీ దొంగ పేరు కిందికి వెళ్లిపోయాయి. అక్కడక్కడా అతకని చోట చిన్న చిన్న మార్పులు చేశాను. “గొలుసు నువ్వే తీసుకపో, పుస్తెలిచ్చి పోరా” అన్నది, “పుస్తెలు నీకే ఇచ్చేస్త, గొలుసు నాకియ్యి అక్కా, నీ కాల్మొక్త” అయింది. ‘నీ అండి మీద మన్నువొయ్య’ మార్చాల్సిన అవసరమే రాలేదు. హీరోయిన్ చల్లగా “ఇంకో అరటిపండు తినండి” అన్నప్పుడు దొంగ ఆ మాట అంటాడు. చక్కగా సరిపోయింది. సరిపోయినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. తప్పులు వెతకడానికి జీతం తీసుకునేదాన్ని, ఇందులో నాకు ఒక్క తప్పూ కనబడలేదు.

దొంగ వేషం వేసినతను రాజమండ్రి వైపు వాడు, మా పక్క టీమ్. బాగా చేయాలని తపన. “యాస రావట్లేదండి, కొంచెం నేర్పండి” అని నా వెంట తిరిగాడు. నేర్పాను. ‘ఏంది’లో దీర్ఘం ఎక్కడ ఆపాలో, ‘ఇగ’ అన్నాక ఎంతసేపు ఆగాలో చెప్పాను. అంతటితో ఆగలేదు. అమ్మ పెట్టిన వాయిస్ మెసేజ్‌లు కొన్ని ఏరి అతనికి పంపాను. జాకెట్ బిగువైన కథ, కరెంటు పోయిన కథ, నాకు జ్వరం వచ్చినప్పుడు పెట్టినవి. అతను ఆఫీసుకు వచ్చేటప్పుడు కారులో వింటూ వచ్చేవాడు. “మీ అమ్మగారి గొంతు చాలా సహజంగా ఉందండి,” అన్నాడొకరోజు, గౌరవంగానే. షూటింగ్‌లో కుర్చీకి కట్టేసి ఉండగా, అరటిపండు నోట్లో పెట్టుకుని, మా అమ్మ నిట్టూర్పుతో “ఇగ ఏం జేద్దాం” అన్నాడు. అచ్చం అమ్మే. యూనిట్ అంతా నవ్వు ఆపుకోలేక కెమెరా ఆపేశారు. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను.

ఆ రోజుల్లో మరొకటి కూడా జరిగింది, అప్పుడు నాకు తెలియలేదు. ఆఫీసులో మావాళ్లు కొందరు ఆ డైలాగులు పట్టుకుని నాతో అలాగే మాట్లాడడం మొదలుపెట్టారు. “ఏంది మేడం, బగ్ దొరికిందా?” అంటే నేను కూడా అదే ఆటగా “దొరికింది తమ్మీ” అనేదాన్ని. గొంతు కాస్త పెంచి, ముఖం కాస్త వంకర పెట్టి. ఇన్నాళ్లూ దాచుకున్న భాషను ఆఫీసులో ధైర్యంగా మాట్లాడుతున్నానని అనుకున్నాను. అది ధైర్యం కాదు, వేషం.

సినిమా పూర్తయ్యాక కొండాపూర్‌లో ఒక చిన్న హాలు తీసుకుని ఆదివారం పొద్దున అందరికీ వేశారు. కుటుంబాలను పిలవమన్నారు. నాకు అమ్మను పిలవాలని లేదు. కానీ ఆమె గొలుసు కథను మేం సినిమా తీస్తున్నామని నాన్న ముందే చెప్పేశాడు. ఆమెకు ఎప్పుడెప్పుడు చూద్దామా అని ఉంది. నాన్నకు డ్యూటీ పడింది. అమ్మ పట్టుచీర కట్టుకుని, తను కుట్టుకున్న జాకెట్ తొడుక్కుని, మెడలో పసుపుతాడు బయటికి కనబడేలా వేసుకుని వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఆటోలోనే మొదలుపెట్టాను. “అమ్మా, సినిమాల కొన్ని మారుస్తరు. అంతా మనది కాదు. నవ్వొచ్చేటట్టు చేస్తరు.”

“చెయ్యనీ,” అంది అమ్మ. “వాన్ని మంచిగ కొట్టిర్రా?”

“కొట్టుడు కాదు, ఇంకా ఘోరం.”

“గట్ల ఉండాలె,” అని తృప్తిగా తల ఊపింది.

సినిమా మొదలైంది. తెర మీద మెరిసే వంటగది, ల్యాప్‌టాప్, నాజూకైన హీరోయిన్. అమ్మ ఆసక్తిగా ముందుకు వంగి చూస్తోంది. తనలా మాట్లాడే మనిషి ఎప్పుడు వస్తుందా అని చూస్తోందని నాకు అర్థమైంది. దొంగ వచ్చాడు. నోరు తెరిచాడు. హాలంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది, అందరూ నవ్వారు కాబట్టి. రెండో మాటకు కూడా కొంచెం నవ్వింది. “గొలుసు నాకియ్యి అక్కా, నీ కాల్మొక్త” అన్నప్పుడు నవ్వలేదు. నా వైపు చూడలేదు. తెర మీది నుంచి చూపు తిప్పలేదు. ‘నీ పీనుగెల్ల’కు నవ్వులు, ‘జెట్టలు పుట్ట’కు నవ్వులు, పుస్తె మింగినప్పుడు ఈలలు. ‘నీ అండి మీద మన్నువొయ్య’కు మా వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. అమ్మ చెయ్యి మెడ దగ్గరికి వెళ్లి, పసుపుతాడును జాకెట్ లోపలికి తోసేసింది.

అప్పుడు సిగ్గేసింది నాకు. అంతకుముందు వేయలేదు. క్యాంటీన్‌లో నవ్వించినప్పుడు వేయలేదు, మాటలు మార్చినప్పుడు వేయలేదు, ఆమె గొంతును పరాయి మనిషి కారులోకి పంపినప్పుడు వేయలేదు. ఆ చెయ్యి అలా కదిలినప్పుడు వేసింది. లేచి వెళ్లి ప్రొజెక్టర్ ఆపేయాలనిపించింది. కూర్చునే ఉన్నాను.

లైట్లు వేశాక దొంగ వేషం వేసినతను మా దగ్గరికి వచ్చి అమ్మ కాళ్లకు దండం పెట్టాడు. “ఎలా చేశానండీ అమ్మా? మీ గొంతు వినే నేర్చుకున్నానండి,” అన్నాడు సంబరంగా. అమ్మ అతని ముఖం చూసింది. ఒక క్షణం ఆలోచించుకుంది. తర్వాత నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, “బాగా చేశారండి,” అంది.

ఆమె నోట్లో ‘అండి’ నేనెప్పుడూ వినలేదు. అతను పొంగిపోయాడు.

తిరుగు దారిలో ఆటో ఫ్లైఓవర్ దిగింది. అప్పుడు అమ్మ అడిగింది.

“నా గొంతు ఆయనకెట్ల తెలుసు?”

చెప్పాను. మెసేజ్‌లు పంపానని.

“జ్వరమొచ్చినప్పటియి గూడ?”

“రెండే అమ్మా.”

“దొంగోడు నా లెక్కనే మాట్లాడిండు గదా.”

“అది యాస అమ్మా. జనాలకు నవ్వు రావాలె కదా, అందుకని…”

“నేను మాట్లాడితె నవ్వొస్తదా?”

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఇన్నేళ్లుగా తనకు ఎవరూ చెప్పని సంగతి ఏదో ఇప్పుడే తెలిసినట్టు అడిగింది. నా దగ్గర జవాబు ఉంది. రాదని చెప్పాలి. కానీ హాలంతా నవ్విందని ఇద్దరికీ తెలుసు. నేను బయటికి చూశాను. ఆటో డ్రైవర్ అద్దంలో మమ్మల్ని చూసి మళ్లీ దారి వైపు చూపు తిప్పుకున్నాడు.

ఆమె అలగలేదు. అలిగితే బాగుండేది, బతిమాలుకునేదాన్ని. మెసేజ్‌లు కూడా మానలేదు. కానీ ఇప్పుడు మెషిన్ ఆపి మాట్లాడుతుంది. “అన్నం తిన్నావా? జాగ్రత్తగా ఉండు.” అంతే. టీవీ సీరియల్‌లో తల్లి మాట్లాడినట్టు. కింద పోర్షనామె సంగతి లేదు, తిట్లు లేవు. నాన్నతో, గల్లీలో వాళ్లతో ఎప్పటిలాగే మాట్లాడుతుందట. నాతోనే ఇలా. ఒకసారి ఇంట్లో కూరగాయలు తరుగుతూ “గీ బెండకాయలు ముదిరినయ్” అని నేను కావాలనే అన్నాను, పాత అమ్మను మాట్లాడిద్దామని. ఆమె తలెత్తి చూసింది. నా గొంతులో ఏదో వెతికింది. “అవును, ముదిరాయి,” అంది. నాకే వినబడింది, నా ‘గీ’ ఎలా ఉందో. ఆఫీసులో నవ్వించడానికి అనే ‘గీ’ అది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. సిగ్గుపడి దాచుకున్నప్పుడు కూడా ఆ మాట నా లోపల సొంతంగానే ఉండేది. బయటికి తీసి ఆడించాక సొంతం కాకుండా పోయింది.

క్షమించమని అడిగాను. “అయ్యో, దానికేముంది, సినిమా కదా,” అంది. ఆ మర్యాద భరించలేకపోయాను. సినిమా తీసేయమని టీమ్ లీడ్‌ను అడిగాను. అతను నిజంగానే నొచ్చుకున్నాడు, కానీ అందరి శ్రమ ఉంది కదండి అన్నాడు. పేరైనా తీసేయమన్నాను. మీ పేరు తీస్తే మీకే అన్యాయం చేసినట్టవుతుందండి అన్నాడు.

కొన్నాళ్లకు పోలీసుల నుంచి ఫోన్ వచ్చింది. గొలుసులు తెంపేవాళ్లు కొందరు దొరికారని, కొంత బంగారం దొరికిందని, వచ్చి చూసుకొమ్మని. నాన్న డ్యూటీలో ఉన్నాడు. ఆఫీసు మధ్యలో సగం పూట సెలవు పెట్టి నేనే అమ్మను తీసుకెళ్లాను. మా పుస్తెలు అందులో లేవు. అమ్మ ఒక్కో వస్తువు చూసి, వేళ్లతో ముట్టకుండానే తల అడ్డంగా ఊపింది. ఎవరెవరి మెడలవో తెగిన గొలుసులు టేబుల్ మీద పరిచి ఉన్నాయి.

ఎస్సై నడివయసు మనిషి, మా వైపు మాటే. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. “మీది ఇంకా దొరకలే అమ్మా. ఫికర్ చెయ్యకు. వాడు మాట్లాడిండని మీవోళ్లు రాసిచ్చిన్రు గదా, ఏమన్నడు, ఎట్ల గుంజిండు, మొత్తం ఇంకొక్కసారి చెప్పు. వీళ్లల్ల ఉన్నడేమో అరుసుకుంటం.”

ఇంత దయగా, ఆమె భాషలోనే అడిగాడు. ఇక అమ్మ అందుకుంటుందని అనుకున్నాను. ఆ ‘అండి’ దగ్గర ఆగుతుంది, చెయ్యి చాచి చూపెడుతుంది, తిడుతుంది, ఎస్సై కూడా అవునంటాడు. నిజానికి నేను దానికోసమే ఎదురుచూశాను. అమ్మ నోరు తెరిచింది. గదిలో ఇద్దరు కానిస్టేబుళ్లు కూడా ఉన్నారు, వినడానికి ఇటు తిరిగారు. వాళ్ల ముఖాలు చూసింది. నోరు మూసుకుని చీర కొంగు సర్దుకుంది.

“మా బిడ్డ చెప్తది సార్. నా మాట మంచిగుండదు.”

“మంచిగుండకపోవుడేంది అమ్మా,” అన్నాడు ఎస్సై. ఆమె తల ఎత్తలేదు.

నేనే చెప్పాలి. ఆమె చెప్పినట్టే చెప్పాలని నిశ్చయించుకున్నాను, ఒక్క అక్షరం పోకుండా. అదొక్కటే నేను ఆమెకు తిరిగి ఇవ్వగలిగింది. “వాడు బండాపి ‘అండి’ అన్నడు సార్. మర్యాదగ అడిగిండు గదా అని మా అమ్మ దగ్గరికి వోయింది. చెయ్యి సాపి సూపెడితె పుస్తెలతాడు వట్టి గుంజిండు. ‘గొలుసు నువ్వే తీసుకపో, పుస్తెలిచ్చి పోరా’ అన్నది సార్…”

ఒక కానిస్టేబుల్ పెదవులు బిగించి నవ్వు ఆపుకున్నాడు. ఎస్సై నన్ను పైనుంచి కిందికి, ఐడీ కార్డు దాకా చూశాడు. అతనికి కోపం వచ్చింది, ఎగతాళి చేస్తున్నానని.

“మేడం, మీ మామూలు మాటల చెప్పున్రి. యాస వెట్టకున్రి. ఆమెను నవ్వులపాలు జేస్తున్నరు.”

ఇది నా మామూలు మాటే అని చెప్పాలి. ఎలా చెప్పాలి, ఏ తెలుగులో చెప్పాలి?

అమ్మ నా చెయ్యి మీద చెయ్యి వేసింది. నన్ను వెనకేసుకొస్తూ, కొంచెం గర్వంగా కూడా, ఎస్సైతో అంది.

“ఏమనుకోకు సార్. మా బిడ్డకు మన మాట రాదు. పెద్ద సదువులు సదివింది.”

ఎస్సై సరేనని తలూపాడు. మిగతాది నేను ఆఫీసు తెలుగులో చెప్పాను.